నారుకు ధర అడిగిన వానకాలం

మా పెద్దమ్మ చనిపోయిన సంగతి నాకు కామారెడ్డి స్టేషను ముందర తెలిసింది. ఎల్లారెడ్డి దిక్కు నుంచి బియ్యం బస్తాలు తెచ్చిన మా ఊరి బండి మనిషి ఎడ్లను విప్పుతూ నన్ను చూశాడు.

"అన్నా, నీకింక కబురు రాలేదా? అవ్వ పోయింది. మట్టి గూడ జేసినం."

ఎట్లా పోయిందని అడిగాను. బస్తాలన్నీ దించి, చివరి బస్తా మీద కూర్చుని, "నారు దొరకలేదన్నా. గంతే" అన్నాడు.

నారు దొరకకపోతే మనిషి చనిపోతుందా అని పట్నం పెద్దలకు నవ్వు రావచ్చు. నవ్వే ముందు మా ఊరి గురించి రెండు మాటలు వినండి.

ఎల్లారెడ్డి బాటకు కాస్త లోపలగా, చెరువు కింద పరుచుకున్న చిన్న వరి ఊరు మాది. పల్లె అందాల గురించి పత్రికల్లో వ్యాసాలు రాసేవాళ్లు మా పొలాలు చూస్తే మురిసిపోతారు. ఆ పచ్చదనం ఎవరి కడుపులోకి పోతుందో మాత్రం వాళ్లకు అక్కరలేదు. వరి పండించే ఊళ్లో పొయ్యి మీద ఉడికేది మక్క గట్క. మంచి బియ్యం దొర ఉండే గడీకి, మిగిలినవి రైలుకు. మోకాలి లోతు బురదలో నాట్లు వేసిన ఆడవాళ్లు అన్నం తినేది పండుగనాడు. దీన్ని ప్రకృతి శోభ అంటారా? నేను దోపిడీ అంటాను. అన్నందుకు నన్ను కోపిష్టి అంటారు. అననివ్వండి.

ఆ ఊరికి గడీ ఇవ్వని చట్టం ఒకటి ఉండేది. నారు అమ్మకూడదు. ఎవరి నారైనా పాడైపోతే వాళ్లు నారు మిగిలినవాళ్ల గట్టు మీదికి వచ్చి, ఆడవాళ్లయితే కొంగు, మగవాళ్లయితే కండువా పరిచి నోరు తెరిచి అడగాలి. అడిగాక లేదనకూడదు. ఎందుకు తక్కువైందని ఆరా తీయకూడదు. "వడ్లు అమ్ముకో, గడ్డి అమ్ముకో. నారు పసిపిల్ల. పసిపిల్లను అమ్ముతరా?" అనేది పెద్దమ్మ.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నది ఒక్క మడి. విత్తనపు వడ్లు నానబెట్టి గోనెలో కట్టి, మొలకకు వేడి వచ్చిందో లేదో జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టి చూసేది. తన మడికి కావలసినదానికన్నా ఎప్పుడూ ఎక్కువే పోసేది. "మనం తినే గింజలు అడగొచ్చేటోళ్ల కోసం మట్టిల పోస్తవా?" అని నేను కొట్లాడేవాణ్ని. "నువ్వు రాసేటియి నిన్ను ఎవలన్న అడిగిండ్రా? రాస్తలేవా మరి?" అనేది.

ఓ ఏడు వాగు పొంగి గడీ నారుమళ్లలో ఇసుక మేట వేసింది. గడీ జవాను ఖాళీ బండ్లు తోలుకుని పెద్దమ్మ నారుమడి దగ్గరికి వచ్చాడు. అతనూ మా ఊరివాడే.

"దొర హుకుం. నారు పీకి బండ్లల్ల ఎయ్యుండ్రి."

"హుకుంకు నారు రాదు కొడుకా. కండువ పరిచి అడుగు, ఇస్త."

"దొర నీ ముంగట కండువ పరుస్తడా, ముసల్దానా?"

"దొర ఎందుకు, నువ్వు పరుచు. మీ అవ్వ గీ ఒడ్డు మీద కొంగు పరవలేదా? ఇంటికి పోయి అడుగు పో."

పక్క మళ్లలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. "కండువ లేకుంటే రుమాలన్న పరుచు తమ్మీ, మేం ఏమనుకోం!" అని ఒకామె కేక వేసింది. జవాను ముఖం కందిపోయింది. నేనూ ఊరుకోలేదు. "అడిగినా ఇయ్యకు పెద్దమ్మా! గడీకి ఒక్క నారు పోస గూడ ఇయ్యొద్దు!" అని అరిచాను.

ఆమె నా మీదికే తిరిగింది. "నోర్ముయ్. అడిగినంక ఇయ్యకుంటే ఊరి రీతి నేను చెరిపినట్టు. అడగక గుంజుకుంటే వాడు చెరిపినట్టు. ఎవలు చెరిపిండ్రో ఊరు చూడాలె."

ఊరు చూసింది. జవాను ఎడ్లను నారుమళ్లోకే తోలించాడు. పీకినంత పీకించాడు, మిగిలింది గిట్టల కింద నలిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఊరి ఆడవాళ్లు తలా ఒక కట్ట నారు పట్టుకుని వచ్చారు. పెద్దమ్మ గట్టు మీద కొంగు పరిచి ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగింది. "నీకు అడుగుడెందుకవ్వా, తీస్కో" అంటే, "అడగకుంట తీస్కుంటే గడీకి నాకు ఫరక్ ఏంది?" అంది. ఆ ఏడు ఆ మడి చూడవలసిందే. ఒక మూల కంకి వంగితే ఇంకో మూల పాలు పట్టలేదు. పొట్టివి, పొడుగువి, ఎర్రవి, తెల్లవి కలిసి నిలబడ్డాయి. ఒక్కసారిగా కోయడానికి లేక కొడవలి పట్టుకుని మళ్లీ మళ్లీ పోయేది. "నా మడి నిండ ఊరే నిలవడ్డది" అని నవ్వేది.

ఆచారం ఒక్కటే పేదవాణ్ని కాపాడదు. సంఘం కావాలి, చట్టం కావాలి, దున్నేవాడికి భూమి కావాలి. ఆమెతో వాదించాను, మీతోనూ వాదిస్తాను. కానీ ఒక మంచి ఆచారాన్ని చంపడం ఎంత సులువో కూడా చూడండి. యుద్ధం పేరు చెప్పి సర్కారువాళ్లు ధాన్యం కొలుచుకుపోయారు. విత్తనం గింజలు కూడా కొలిచారు. నారు కరువైంది. కరువైన చోటికి బేరగాడు వచ్చాడు. ఎల్లారెడ్డి అంగట్లో నారు కట్టలు అమ్మకానికి కూర్చున్నాయి.

ఈ వానకాలం పెద్దమ్మకు పోయడానికి విత్తనం లేదు. అయినా మడి దున్నించి, చదును చేసి, నీళ్లు నిలిపింది. పక్క మడి గట్టు మీదికి పోయి, ఆ మడి గల ఆమెను కొంగు పరిచి నారు అడిగింది.

"ఎంతకు తీస్కుంటవు అవ్వా?" అందట పక్క మడి ఆమె.

ఈ మాట చెప్పేటప్పుడు బండి మనిషి నా ముఖం చూడలేదు. పెద్దమ్మ కొంగు తీసి భుజాన వేసుకుని ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుందట. గట్క ముట్టలేదు. మళ్లీ లేవలేదు.

పక్క మడి ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ ఇంటి పిల్లల కడుపులు నాకు తెలుసు. పసిపిల్లకు ధర కట్టడం ఆమెకు నేర్పినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లను తిట్టడానికి నాకు ఈ జన్మ చాలదు.

అదే బండిలో ఊరికి పోయాను. పక్క మడి ఆమె నాకంటే ముందే గట్టు మీద నిలబడి ఉంది.

"ధర అడిగింది నిజమే బిడ్డా" అంది. "పిల్లలకు గట్కకు లేక అడిగిన. మల్ల మనసొప్పక తెల్లారి నారు తెచ్చిన. గప్పటికే అవ్వ పోయింది. నా ఎనుక అందరు తెచ్చిండ్రు. ఇగ తీస్కొమ్మని ఎవలికి చెప్పాలె?"

నేను మడి దిక్కు తిరిగాను. మడి నిండా నీళ్లు, మధ్యలో ఒక్క పోస లేదు. గట్టు పొడుగునా, ఎవరు దింపిన చోట వాళ్లవి, విప్పని నారు కట్టలు. కట్టి ఉండగానే వాటి వేళ్లు బురదలోకి దిగాయి. నడుముకు బిగించిన గడ్డితాళ్లు అట్లాగే ఉన్నాయి. కొసలు పసుపుబారుతున్నాయి.