నాయన వీపు

1. ఈ ఉదయం వేపనూనెలో పసుపు కలిపి వేడిచేశాను.
2. పక్షవాతంతో మంచం పట్టిన నాయనను పక్కకు తిప్పి, వీపు మీది పుండ్లకు దాన్ని పూశాను.
3. గదినిండా గోదా వాసన కమ్ముకొంది. ఆ తరువాత నాకు ఈ అంకెల వరుస తప్పింది.

శ్రీకాళహస్తి మిత్రులారా, ఆ వాసన మీకు జ్ఞాపకముందా? కుస్తీ గోదాలోని ఎర్రమన్నులో పెద్దలు ఈ వేపనూనె, పసుపే కలిపి, మజ్జిగ పోసి తొక్కేవారు. ఆ మన్నుతో వెళ్తే మన అమ్మలు గడప దాటనిచ్చేవారు కాదు.

తాను కుస్తీ మానిన తరువాత నాయన అక్కడే రిఫరీగా నిలబడేవాడు. వీపు మన్నుకు ఆనినవాడు ఓడినట్టు. అయినా గెలిచినవాడి చెయ్యి ఎత్తకముందే, నాయన తన తువ్వాలుతో ఓడినవాడి వీపు తుడిచేవాడు.

"మన్ను వీపుతో ఇంటికి పోతే వాళ్లమ్మ సూసి తట్టుకోలేదప్పా" అనేవాడు.

స్వర్ణముఖి పొంగినప్పుడు ముసలివాళ్లను ఒడ్డుకు మోసింది ఆ వీపే. "ఏనుగెక్కినట్టుండాదప్పా!" అని ఒక అవ్వ నవ్వింది, గుర్తుందా?

మందు పూసి మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టబోతే, నాయన పనిచేసే చేత్తో నా మణికట్టు పట్టుకొన్నాడు.

"వద్దురా చెంగయ్యా. వీపు ఆనితే ఓడిపోతాను."

"ఎంతసేపని అట్నే ఉంటావు నాయనా? భుజం గూడా పుండయింది."

ఆయన పట్టు వదిలాడు. వీపు పరుపుకు ఆనింది. పైకప్పును చూస్తూ, పాత రిఫరీ గొంతుతో అన్నాడు:

"ఆనింది. ఇంగ వాడి చెయ్యెత్తు."

గదిలో మేమిద్దరమే ఉన్నాం. నేను తువ్వాలు తీసుకొన్నాను. తుడవడానికి ఆ వీపు అందలేదు.

నాయన పోయిన వేళ: ఉదయం ఏడు గంటల పది నిమిషాలు.
పాకాల మునిచెంగయ్య