కిరాయినామాలో లేని బావి

పంతొమ్మిది వందల నలభై మూడు ఎండాకాలంలో, మేడ్చల్ కచేరీ అరుగు మీద పదిమంది ముందు నేనొక అబద్ధం ఆడాను. దానికి ఏడాది ముందు చేసింది పొరపాటు. పొరపాటును మన్నించవచ్చు. అబద్ధం సంగతి వేరు.

అప్పట్లో నా పని కిరాయినామాలు రాయడం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ కుదిరిన ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద ఉర్దూలో రాసి, ఇద్దరికీ చదివి వినిపించి, వేలిముద్రలు వేయించాలి. ఎప్పుడూ అవే వాక్యాలు కావడంతో కాగితం చూడకుండానే గడగడా చదివేవాణ్ని. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడేవారు. అదే నా గొప్ప అనుకునేవాణ్ని.

చాంద్‌బీ బట్టలకు రంగులు వేసే మనిషి. భర్త పోయాక ఒక్కతే ఆ పని నడుపుకొంటోంది. మోచేతుల దాకా ఎప్పుడూ నీలి రంగే. వీరేశం పాత ఇల్లు ఆమె తీసుకున్నది పెరట్లో బావి ఉందనే. ఆ ఇంటికి అంతకుముందు రెండు కిరాయినామాలు నేనే రాశాను. రెండింటిలోనూ ‘బావి నీళ్లతో సహా’ అని ఉంది. ఈసారి రాస్తూ ఆ ముక్క వదిలేశాను. చదివేటప్పుడు మాత్రం అలవాటుగా నోటికి వచ్చేసింది. ఇద్దరూ విన్నారు. ముద్రలు వేశారు.

మరుసటి ఎండాకాలం వీరేశం ఆ ఇంటి పక్కనే కూరగాయల మడి వేశాడు. బావిలో నీళ్లు అడుగంటుతుంటే, ఒక పొద్దున వచ్చి, ఆమె తోడుకోకుండా గిరక ఊడదీసుకుపోయాడు. తగవు కచేరీ అరుగు మీదికి, పెద్దమనుషుల ముందుకు వచ్చింది.

“ఇల్లు కిరాయికిచ్చిన గని బాయి గూడ ఇచ్చిన్నా?” అన్నాడు వీరేశం. “గీమె రంగులకు ఊరి నీళ్లన్నీ సాలవు. కాయితంల ఉంటే సూపియ్యమనుండ్రి.”

చాంద్‌బీ నవ్వింది. “సూపియ్యనీకేముంది? గీ మున్షీ సాబే సదివిండు. సదివి నా దిక్కు జూసి, ఇగ బాయి నీళ్లు నీవే పో అన్నడు. అడుగుండ్రి.”

కాగితం నా చేతికిచ్చారు. ఆ ముక్క లేదు. తప్పు ఒప్పుకుంటే, రేపటి నుంచి నా దగ్గరికి కాగితం రాయించుకోవడానికి ఎవరొస్తారు?

“రాసిందే సదివిన,” అన్నాను.

వీరేశం నా ముఖం వైపు చూడలేదు. అతనూ విన్నవాడే.

“గట్లనా,” అంది చాంద్‌బీ నెమ్మదిగా. “మరి నేనేం విన్న మున్షీ సాబ్? నువ్వు సదివింది మా ఇంట్ల మాట్లాడే బాసనే గదా?”

నేను కాగితం మడిచి పెద్దమనుషులకు ఇచ్చేశాను. పెద్దమనుషులు కాగితం ప్రకారమే తీర్పు చెప్పారు. కొన్నాళ్లు ఆమె చెరువు నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చింది. రంగుల పనికి ఆ నీళ్లు ఏ మూలకు? చివరికి రంగు కలిపే గంగాళాలు అమ్మేసి, షామీర్‌పేట దగ్గర అలియాబాద్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

వానలు పడ్డాక గానీ నాకు నోరు పెగల్లేదు. పెద్దమనుషుల దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను.

“ఇప్పుడు సెప్తున్నవా మున్షీ?” అన్నాడు, వాళ్లు పిలిపిస్తే వచ్చిన వీరేశం. “ఇల్లు వేరేటోళ్లకు ఇచ్చేసిన.”

అలియాబాద్ వెళ్లేసరికి చాంద్‌బీ ఎవరిదో చేనులో కలుపు తీస్తోంది. చేతుల మీద నీలి రంగు పోయింది. తప్పు నాదేనని చెప్పాను.

“నీళ్లకేంది, ఈడ మస్తున్నయి,” అంది తల ఎత్తకుండా. “గంగాళాలే లేవు.”

చెల్లెలి ఇంట్లో ఆమె వసారాలో పడుకుంటోందని తెలిసి, ఆ ఊళ్లోనే పెరట్లో బావి ఉన్న గది ఒకటి వెతికాను. యజమానితో మాట్లాడి కిరాయినామా రాశాను. చదవబోతే ఆపింది.

“నువ్వు సదువకు.”

కాగితం తీసుకుని పక్కింటి ముసలాయనకిచ్చింది. ఆయన ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతుంటే తల వంచుకుని విన్నాను. ‘బావి నీళ్లతో సహా’ అన్నచోట ఆమె ఆయన్ని ఆపి, మరోసారి చదివించుకుంది. తర్వాత ముద్ర వేసింది. బొటనవేలికి అంటిన సిరా తప్ప ఆ చేతుల మీద ఇంకే రంగూ లేదు.

ఆనాటి నుంచి నేను రాసిన కాగితం నేను చదవలేదు. ఎవరెంత తొందరపెట్టినా, చదువొచ్చిన మరొకరు దొరికేదాకా ఆగి, వాళ్ల చేత చదివించాకే ముద్ర వేయించాను.