ఎడమ వెనక చక్రం కింద ముగ్గు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక మహాయుద్ధం జరిగింది. రథం ఉంది, కంటికి కనబడని శత్రువున్నాడు, పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకుంది. ఉన్నమాట చెప్పాలంటే రథం మా నాన్నగారి పాత తెల్లకారు, శత్రువు ఎక్కడినుంచో కారిపోతున్న బ్రేక్ ఆయిల్. (రోజులు కూడా మరీ పాతవేం కావు. నాకు లైసెన్సు వచ్చి అప్పటికి వారం.)

నాన్నగారు మస్కట్లో ఉంటారు, రెండేళ్లకోసారి నెల్లాళ్లు వస్తారు. ఫోన్లో ముందు "బండెలా ఉందిరా?" అని, తర్వాతే నా మార్కులు అడిగేవారు. (ఎప్పుడూ బండికే ఎక్కువొచ్చేవి.) ఈసారి ఫోన్లోనే, దిగిన మర్నాడు అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, తనే నడుపుతూ అంతర్వేది గుడికి తీసుకెళ్తానన్నారు. అమ్మ ఆ పూటే బండారులంక నేతచీర తీసి ఇస్త్రీకిచ్చింది. ఆయన రావడానికి ఇంకా అయిదు రోజులుందనగా నేను కారు తీస్తే, బ్రేకు పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కారును ఆపిన ఘనత మా అరటిచెట్టుది.

రాజోలు నుంచి వచ్చిన మెకానిక్ స్పానర్ బాబాయి బ్రేకు డబ్బాలో ఆయిల్ పోసి, "కింద తడెక్కడుందో చూపించబ్బాయ్, రోగం చెబుతాను" అన్నారు. తడికేం లోటు? అమ్మ తెల్లవారకుండానే కారు కింద కూడా కళ్లాపి జల్లేసేది. బ్రేక్ ఆయిల్ నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. మూడు రోజులు మేం కళ్లాపినే పరీక్షించాం. ఒకసారి బాబాయి వేలితో తీసి వాసన చూసి, పేడేనని నిర్ధారించారు.

ఒక్కరోజు కళ్లాపి మానెయ్యమని అమ్మను బతిమాలాను.

"మీ నాన్నగారు వస్తోంటే ఎండు వాకిలా?"

"బ్రేకు లేకపోతే ఆయన వాకిట్లో ఆగరమ్మా, గోదాట్లో ఆగుతారు."

అమ్మ బేరానికి దిగి, "నీళ్లు మానేస్తాను. ముగ్గు మానను" అంది. ఆ సాయంత్రం బాబాయి చెప్పినట్టు, ఆయిల్ బయటపడేలా నేను పెడల్ నలభైసార్లు తొక్కాను. అమ్మ వంగి, నాలుగు చక్రాల కిందా బియ్యప్పిండితో నాలుగు పువ్వులు వేసింది. పొద్దున్న చూస్తే మూడు పువ్వులు పొడిగా ఉన్నాయి. ఎడమ వెనక చక్రం కింది పువ్వుకు రెండు రేకులు ఆయిల్‌కి తడిసి పసుపురంగు ముద్దయ్యాయి. బాబాయి ఆ చక్రం విప్పితే లోపల ఆయిల్ ఆపే రబ్బరు అరిగిపోయి దొరికింది, కొత్తది వేశారు.

"ఆయ్, మా పని మీరే చేసేరండి వదినగారూ."

అమ్మ ఆ పొగడ్త పట్టించుకోలేదు. "అయితే అంతర్వేది వెళ్లొచ్చాండీ?" అని మాత్రం అడిగింది.

నాన్నగారు దిగిన మర్నాడే ఇద్దరూ వెళ్లారు. వెనక సీటుకు నేను పెట్టుకున్న దరఖాస్తు ఇద్దరికీ వినిపించలేదు. నెల తిరిగేసరికి నాన్నగారు విమానమెక్కారు, కారు దాని చోటుకి అది వచ్చేసింది.

ఇప్పటికీ అమ్మ ఆ ఒక్క చక్రం కింద నీళ్లు జల్లదు, పొడిముగ్గే వేస్తుంది. నేనూ లేవగానే వంగి చూస్తాను. ఒక్క రేకైనా తడిస్తే, బండి పాడైంది రమ్మని నాన్నగారికి ఫోన్ చేయొచ్చని నాలోని ఆ వారం రోజుల లైసెన్సు వీరుడికి ఇంకా ఆశ. బాబాయి పని మరీ గట్టిది, తడవదు. బ్రేక్ ఆయిల్ మాత్రం, కారినా కారకపోయినా, రెండేళ్లకోసారి మార్చాలి.