తెర అవతల అడిగిన ప్రశ్న

గౌలిపురలో మా తాతల నాటి దేవిడీ, ఆ పెద్ద ఇంటి ముందుభాగం ఇప్పుడు గుడిమల్కాపూర్‌లో పూల వ్యాపారం చేసే కుటుంబానిది. వెనక మిగిలిన గదుల్లో నేనూ మా ఆయనా ఉంటాం. మా తాతగారి బగ్గీ ఆగిన చోట వాళ్ల బంతిపూల మూటలు దిగుతాయి. ఆ ఇంటి కోడలు నన్ను ఆంటీ అంటుంది. ఆ పిలుపు దిద్దాలని చాలాసార్లు అనుకుని ఊరుకున్నాను.

ఆ అమ్మాయి మీద నాకు అసూయ. ఇల్లు వాళ్లదైనందుకే అనుకునేదాన్ని. కానీ గుచ్చుకున్నది ఇల్లు కాదు, సాయంత్రం ఆమె భర్త బండి ఆగగానే లోపలి నుంచి వినిపించే నవ్వు. మా ఆయన పడక పక్క గదిలోకి మారి ఏళ్లయింది. ముట్లు ఆగాక, ఆయన దగ్గరికి వస్తే గాజుపెంకుతో గీసినట్టు ఉండేది. పళ్లు బిగబట్టి కొన్నాళ్లు ఓర్చుకున్నాను. తర్వాత గోడవైపు తిరిగాను. ఆయన ఏమీ అడగలేదు. పరుపు చుట్టుకుని వెళ్లిపోయాడు.

పోయిన ఎండాకాలం ఒకరోజు ఆ అమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆంటీ, లేడీ డాక్టర్ దగ్గరికి తోడొస్తరా? అత్తమ్మకు చెప్పలేను."

"ఏంది బాధ?"

"కింద వాచింది."

మా ఇంట్లో ఆడవాళ్ల జబ్బు ఆ ఆడవాళ్లే చెప్పుకోవడం ఉండేది కాదు. పెద్దావిడ చెప్పేది, జబ్బుపడ్డది తల వంచుకుని కూర్చునేది. అలాగే నేను డాక్టరు ఎదుట నిటారుగా కూర్చుని, "ఈ పిల్లకు అక్కడ గడ్డ లేచింది. వేడి చేసి ఉంటుంది" అన్నాను.

"గడ్డ కాదు డాక్టర్" అంది ఆ అమ్మాయి. "రింగు కుట్టించుకున్న. పోయిన చలికాలంల."

"ఎక్కడ?" అన్నాను.

"ముక్కుకైతే కాదు ఆంటీ."

డాక్టరు నవ్వు ఆపుకుంది. ఇప్పుడు తిడుతుందని ఎదురుచూశాను, కొంత సంతోషంగానే. ఆమె తిట్టలేదు.

"ఎవరన్నా పెట్టించుకోమన్నరా?"

"లేదు డాక్టర్, నా ఇష్టమే. మా ఆయనే భయపడ్డడు."

"మంచిది. బలవంతమైతే అది వేరే ముచ్చట."

ఇద్దరూ తెర వెనక్కి వెళ్లారు. నేను ఇవతల కుర్చీలో ఉన్నాను. మాటలన్నీ వినబడుతున్నాయి. ఆ లోహం ఒంటికి పడలేదని, అందుకే వాచి చీము పట్టిందని డాక్టరు చెప్పింది. చీము పట్టినప్పుడు సొంతంగా పీకేస్తే రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోవచ్చట. మందు వాడి, వాపు తగ్గాక పడే లోహానికి మార్చుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు. రేపెప్పుడైనా కాన్పుకి వెళ్తే మాత్రం ముందే అక్కడి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

తర్వాత, ఆకలి ఎట్లుందని అడిగే గొంతుతోనే అడిగింది. "కలిసినప్పుడు ఎట్లుంటది? నొప్పా, సుఖమా?"

"ఈ వాపుకు ముందు బాగనే ఉండె డాక్టర్. రింగుతోని సుఖం ఎక్కువైతదని ఇంటర్నెట్‌ల రాసిన్రు. నిజమేనా?"

"కొందరు అయితదంటరు, కొందరు తేడా లేదంటరు. గట్టిగ చెప్పేటంత పరిశోధన లేదు. అక్కడ నరాలు చాలా సున్నితం. చేతగానోళ్లు గుచ్చితే ఉన్న స్పర్శే పోవచ్చు. నీది సరైన చోటనే ఉంది. నొప్పి లేకుండ, సుఖంగ ఉండుడు కూడా ఆరోగ్యమే, సిగ్గుపడకు."

సిగ్గు ఆ అమ్మాయికి లేదు. నాకు చెవులు మండిపోయాయి. ఆ రింగు నాకు అక్కర్లేదు. ఆ ప్రశ్న మీదే నా అసూయంతా. నొప్పా, సుఖమా అని నన్ను ఏ డాక్టరూ అడగలేదు. అమ్మ అడగలేదు, కట్టుకున్నవాడూ అడగలేదు. పూలమూటల ఇంటి పిల్లకు అది మంచినీళ్లు ఇచ్చినట్టు దొరికింది.

వాళ్లు బయటికి రాగానే అన్నాను, "మా ఇంట్లో ఆడవాళ్లం ఇవన్నీ నోటితో అనుకోం డాక్టర్."

ఆమె చేతులు కడుక్కుంటూ, "అనుకోకపోతే నొప్పి రాదా అమ్మా?" అంది.

నేను సంచి తీసుకుని లేచాను.

ఆటోలో ఆ అమ్మాయి, "కోపమా ఆంటీ?" అంది.

"లేదు."

"మొహం చూస్తె గట్ల లేదు. అత్తమ్మకు చెప్తరా?"

"మా ఇంటివాళ్లు చాడీలు చెప్పరు."

"గందుకే మిమ్మల్ని పిలిచిన" అని నా భుజం మీద తల ఆనించింది. ఆ తల తోసేయాలనిపించింది. తోయలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక్కదాన్నే వెళ్లాను. కుర్చీలో కూర్చున్నాక చాలాసేపు మోకాళ్ల నొప్పుల గురించే మాట్లాడాను. డాక్టరు ఓపికగా విని, "ఇంకేమన్న ఉన్నదా?" అంది. అప్పుడు చెప్పాను. ముట్లు ఆగాక అక్కడ తడి తగ్గి చర్మం పలచబడుతుందని, చాలామందికి ఉండేదేనని, మందుందని అంది. పరీక్ష చేసి, వేరే జబ్బేమీ లేదని చూసుకుని, లోపల పూసుకునే క్రీము చీటీ మీద రాసిచ్చింది.

"మీ ఆయనకు తెలుసా?"

"తెలియదు."

"చెప్పండి. ఆయన ఏమనుకుంటున్నడో మీకు తెలుసా మరి?"

సాయంత్రం మా ఆయన మాదన్నపేట మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఎదురుగా కూర్చుని, ఆయన మొహం చూడకుండా చెప్పాను. ఈనె తీసే చేయి ఆగింది.

"నొప్పా?" అన్నాడు. "నేను గుమస్తా కొడుకునని, మీ ఖాందాన్‌కు తగనని దూరం పెట్టినవనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న."

అలా అనుకుంటాడని నాకు ఎప్పుడూ తట్టలేదు. తలెత్తి నడవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. నొప్పి దాచుకోవడానికి కూడా తలెత్తే నడిచాను. ఆయన చూసింది ఆ తలనే.

ముందు భాగంలో బండి ఆగింది. ఆ అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ వయసులో నన్ను ఎవరైనా అడిగి ఉంటే నేనూ అలా నవ్వేదాన్నేమో.

"ఇంకా నొస్తదా?" అన్నాడాయన.

"మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందట."

"పట్టనీ" అన్నాడు.