కారులో ఊరమిరపకాయలు

"ఇది కారా, మిద్దెనా? రేపు పొద్దున్నే మంత్రాలయం పోయేటోళ్ళు దీంట్లో కూచోవాల్నా, నీ మిరపకాయలు కూచోవాల్నా?"

"మిద్దె మీద వాన పడతాండాది. కార్లో పడతాందా? నువ్వే చెప్పప్పా."

"అమ్మా, బాడుగ దొరకడమే గగనమైపాయ. వాళ్ళు పోతే మల్ల రారు!"

"కాయలు కుళ్ళితే మల్ల వస్తాయా?"

మా చిన్నోడు కారు బాడుగకు తిప్పుతాడు. నేను రెండు రోజులుగా, వాడికి చెప్పకుండా, దాంట్లో ఊరమిరపకాయలు ఎండబెడుతున్నాను. చెబితే వద్దంటాడని చెప్పలేదు. ఆలూరు పక్కన మాది మెట్ట ఊరు. పైరుకు కావాలన్నప్పుడు వాన రాదు. మజ్జిగలో ఊరిన కాయలు మిద్దె మీద పోస్తే మాత్రం వెతుక్కుంటూ వస్తుంది. మా అత్త కాలంలో నాలుగు ఎండలకే కాయ గలగలమనేది. ఈ వేసవిలో మొదటి విడత అంతా బూజు పట్టింది. సంగటిలోకి ఏడాదంతా అవే మాకు కూర.

పదో తరగతి చదివే మనవరాలు ఈ ఉపాయం చెప్పింది.

"అద్దంలోంచి దూరిన వేడి బయటికి పోదవ్వా. భూమి గుడక ఇట్లే కాగుతాండాది. దానికి అద్దాల బదులు పొగ అడ్డం."

"మరి ఆ అద్దం దించేటోళ్ళు యాడ సచ్చినారు?" అన్నాను. అది తేమ పోవడానికి కారు అద్దం మాత్రం రెండు వేళ్ళు దించింది.

వెనక సీటులో చాప పరిచి కాయలు పోశాను. ముందు భాగం ఖాళీగా ఉంటే దండగ కదా అని పక్కింటి సాయిబుల ఆమెను పిలిచాను. ఆమె చేత్తో చేసిన సేమియా తెచ్చి స్టీరింగు మీద ఆరేసింది.

"నేనేం పట్టుకొని తోలాలక్కా?" అన్నాడు మావాడు.

"పచ్చిగుండాది, మెల్లగా పట్టుకో తమ్ముడూ."

వాడు అన్నీ బయటికి తీయించి, సీట్లు కడిగి, లోపల సాంబ్రాణి పొగ వేశాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ముసలి దంపతులు వచ్చారు. కారు తలుపు తీయగానే ముసలాయన తుమ్మాడు. "బయల్దేరేటప్పుడు తుమ్మా!" అని భార్య ఆగిపోయింది.

"ఒంటి తుమ్మే కీడు తల్లీ, రెండైతే మంచిదే," అన్నాను.

ఆయన రెండోది తుమ్మాడు. ఆమె కాలు లోపల పెట్టింది. ఆయన మూడోది తుమ్మాడు.

వాళ్ళు బస్సుకు పోయారు. మావాడు కారును ఎండలోకి తీసి, తాళం నా చేతిలో పెట్టి, లోపలికి పోయి పడుకున్నాడు. నేను చాప తెచ్చి పరిచాను.