శాశ్వత చిరునామా

"అమ్మ పోయిందమ్మా. వంటింటి తలుపు వెనక నీ నెంబరు రాసుండాది, అందుకే చేసినాను" అని పోయిన నెల అవ్వ కొడుకు ఫోన్ చేశాడు. వార్డులో డ్యూటీ మీద ఉన్నాను.

అవ్వ మాకు చుట్టం కాదు. తిరుచానూరు రోడ్డులో మేము రెండేళ్లు బాడుగకున్న ఇంటి యజమానురాలు. మంచి మనిషే గాని నీళ్ల దగ్గర మాత్రం రాక్షసి. కొళాయి పక్కనే పీట వేసుకుని కూర్చునేది. మూడో బిందె పెట్టామంటే ఆ గొంతు వీధంతా వినపడేది.

ఆ ఇంట్లో ఉన్నప్పుడే నర్సింగు కోర్సుకు దరఖాస్తు నింపుతూ ‘శాశ్వత చిరునామా’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. పూతలపట్టు దగ్గరి మా ఊళ్లో ఇల్లు కూలి మొండిగోడలు మిగిలాయి. నాయనకు పని ఎక్కడుంటే అక్కడికి మారేవాళ్లం. గడి ఖాళీగా వదిలితే సీటు రాదేమోనని భయం, రాయడానికేమీ లేదని సిగ్గు. ఏడ్చేశాను.

"మా ఇంటి నెంబరు రాయి పాపా" అంది అవ్వ, పీట మీద నుంచే.

"రేపో మాపో ఖాళీ చేస్తాం గదవ్వా! అది శాశ్వతం ఎట్లవుతుంది?"

"ఆడ్నే ఉంటేనే శాశ్వతమని ఎవరు చెప్పినారు నీకు? నీ పేరుతో ఏమన్నా వస్తే తీసిపెట్టే మనిషి ఉండాల. అంతే."

ఆ నెలలోనే చిత్తూరుకు మారిపోయాం. సీటు వచ్చినట్టు ఉత్తరం అవ్వ ఇంటికే వచ్చింది. చదువు రాని మనిషి, దాన్ని పాత క్యాలెండరు కాగితంలో చుట్టుకుని బస్సెక్కింది. ‘మిల్లు వెనక’ అన్న ఒక్క గుర్తుతో రెండు గంటలు తిరిగి మమ్మల్ని పట్టుకుంది. "ఇదేమి ఇల్లే, ఎవురికీ తెలీదు!" అని తిట్టి, మజ్జిగ తాగి వెళ్లిపోయింది. ఈ రోజు నేను నర్సునంటే ఆమె వల్లే. ఆ మాట ఆమెతో ఒక్కసారైనా సరిగ్గా చెప్పలేదు, అదే బాధ.

దినాల రోజు వెళ్లాను. వరండాలో ఏడుగురు కూర్చుని ఉన్నారు, ఒక్కరూ తెలియదు. పక్కన ఖాకీ చొక్కాలో ఉన్న ఆటో డ్రైవర్‌ను "మీరేమవుతారన్నా?" అని అడిగాను.

"ఒకప్పుడు ఈడ బాడుగకుండినాను. నా లైసెన్సులో ఇప్పటికీ ఈ ఇంటి నెంబరే" అన్నాడు.

"నా బ్యాంకు పుస్తకంలో కూడా" అంది ఆ పక్కనున్నామె. తక్కిన వాళ్లూ తలలూపారు. అవ్వ నాకొక్కదానికే ఆ గడి నింపిందనుకున్నాను ఇన్నేళ్లూ. కాస్త అసూయ పుట్టిన మాట నిజం.

ఇంతలో విస్తళ్లు వేశారు. మా వైపు బయటివాళ్లు ముందు తింటారు, ఇంటివాళ్లు చివరి బంతిలో కూర్చుంటారు. కొడుకు వరండాలోకి వచ్చి, "లేయండప్పా, ముందు బయటోళ్లు తినేయండి" అని పిలిచాడు.

మా ఎనిమిది మందిలో ఒక్కరూ లేవలేదు.