స్టూలు మీద ఫోను

లేజర్ మెషిను నడుస్తున్నంతసేపూ బోర్డులాయన స్టూలు దిగడు. ఫోను మోగినా, గేటు చప్పుడైనా, కడుపు మాడినా సరే. ఇరవై ఏళ్లు కుంచెతో పేర్లు రాసిన చెయ్యి వణకడం మొదలెట్టాక, ఇంటి ముందుగదిలోనే ఈ మెషిను పెట్టుకుని చెక్క మీద అక్షరాలు కోస్తున్నాడు. కోసేది వెలుగే కదా అనుకున్నాడు. మొదటి వారంలోనే అరచేతంత చెక్కముక్క అంటుకుని కనుబొమలు కాలాక గానీ ఆ వెలుగు నిప్పేనని తెలిసిరాలేదు.

అప్పట్నుంచి ఆయనదొక పద్ధతి. ముందు కింది ట్రేలో రాలిన ముక్కలూ పొట్టూ ఊడ్చేస్తాడు. కోత పడేచోట గాలి ఊదే పంపు వెయ్యందే మీట నొక్కడు. ఆ గాలి ఉంటే మంట లేచినా నిలవదు. మంటలార్పే ఎర్ర సిలిండరు చేతికందేలా పెట్టుకుంటాడు. అన్నిటికీ మించి, పక్కన మనిషి ఉండాలి.

ఫ్యాక్టరీ మూతపడి ఇంట్లో చేరిన బామ్మర్దికి ఇదంతా నెల రోజులు దగ్గర కూర్చోబెట్టి నేర్పాడు.

"ఇది మెషినా, పసిబిడ్డా బావా? జోల కూడా పాడమంటావా?"

"పసిబిడ్డ ఇల్లు తగలబెట్టదురా. చూపు తిప్పావంటే అయిపోయినట్టే."

"సరే సరే, కన్నార్పను. ఒట్టు."

నమ్మాడు. బయటివాడైతే నాలుగు ప్రశ్నలడిగేవాడు. సొంతవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఎవరికీ ప్రశ్నలు నోటికి రావు.

ఆ మధ్యాహ్నం స్కూలుకి గది తలుపులకి తగిలించే పేర్ల పలకలు ఇచ్చిరావలసి వచ్చింది. మెషినులో ఆసుపత్రి బోర్డు కోత ఇంకా నలభై నిమిషాలుంది. బామ్మర్దిని స్టూలెక్కించి బయల్దేరాడు. తీరా వెళ్తే స్కూలుకి తాళం. ఇరవై నిమిషాల్లో వెనక్కొచ్చాడు.

గేటు తీస్తుండగానే వాసన తగిలింది. కోసే చెక్క వాసన వేరు, కాలే చెక్క వాసన వేరు. పైగా పంపు చప్పుడు లేదు.

స్టూలు మీద మనిషి లేడు. ఫోను ఉంది, టేపుచుట్టకి ఆనించి, కెమెరా మెషిను వైపు తిప్పి. నారింజరంగు మూత వెనక జానెడు మంట.

ఆయన మెషిను ఆపే ఎర్ర మీట నొక్కాడు, ప్లగ్గు పీకాడు, మూత కాస్త ఎత్తి సిలిండరు గొట్టం దూర్చి నొక్కాడు. గదంతా తెల్లగా అయిపోయింది.

మేడమెట్ల మీంచి బామ్మర్ది పరుగున దిగాడు. వాడి చేతిలో ఉన్నది అక్క ఫోను, అందులో వీడియో కాల్ ఇంకా నడుస్తోంది.

"ఏమైంది బావా? నేను పైనుంచి చూస్తూనే ఉన్నా! వెలుగు కనిపిస్తుంటే కోస్తోందనుకున్నా."

నిజమే. ఆ నారింజ మూతలోంచి ఫోనులో చూస్తే లేజరు చుక్కా ఒకటే, మంటా ఒకటే.

"పంపెందుకు ఆగింది?"

బామ్మర్ది మెట్ల వైపు చూశాడు. వాడి వెనకే దిగొచ్చిన ఆయన భార్య అందుకుంది.

"వాణ్ణేమీ అనకండి. నేనే ఆపమన్నా. మధ్యాహ్నం కాసేపు నడుం వాలిస్తే ఆ బుర్రుమనే గోలకి కన్ను మూతపడదు."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలల్నుంచి. మీరొచ్చే వేళకి వాడు మళ్లీ వేసేస్తాడు. ఇన్నాళ్లూ ఏమైనా అయిందా?"

రెండు నెలలు. బయటికెళ్లి వచ్చిన ప్రతిసారీ "దగ్గరే కూర్చున్నావట్రా?" అని ఆయన అడిగేవాడు. తమ్ముడు నోరు విప్పేలోపు వంటింట్లోంచి ఆవిడే అనేది: "కదిల్తేగా! అన్నం కూడా నేనే పళ్లెంలో తెచ్చిచ్చా." ఆ పళ్లెం సంగతి విని ఆయన ఎంత మురిసిపోయాడో. వీడికి పని మీద భక్తి కుదిరిందని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

ఆయన మూత పూర్తిగా ఎత్తాడు. మాడిన బోర్డు బయటికి లాగాడు. సగం అక్షరాలు బొగ్గు. ఆసుపత్రికి ఫోను కలిపాడు.

"బోర్డు వారం ఆలస్యమవుతుందండీ."

"అదేంటండీ, సాయానికి ఇంట్లోవాళ్లున్నారన్నారు?"

"లేరండీ. నేనొక్కణ్ణే."

గుమ్మంలో ఆవిడ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె పక్కనుంచే వెళ్లి, మసి తుడిచే గుడ్డ తడుపుకొచ్చాడు.